‘ఉద్యోగం వచ్చాక తీసుకెళ్తా’... ఎప్పుడు?

చివరి సెమిస్టర్‌లో ఉన్న ఎవరిని కదిలించినా ఒక మాట వినిపిస్తుంది. ‘ఉద్యోగం రానీ, అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్తా’ అని. కాశీ కాకపోతే తిరుపతి, రామేశ్వరం, షిర్డీ. లేదంటే ‘మా అమ్మను ఒక్కసారైనా విమానం ఎక్కించాలి’. మాటలో అబద్ధమేమీ ఉండదు. మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఆ ప్రయాణం తేదీ మాత్రం క్యాలెండర్‌లో కనిపించదు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. మీకు 22 ఏళ్లు, నాన్నకు 56 అనుకుందాం. గ్రూప్స్, బ్యాంకు, రైల్వే పరీక్షల ప్రిపరేషన్‌లో రెండు మూడేళ్లు గడిచిపోతాయి. ఉద్యోగం వచ్చాక ప్రొబేషన్ అంటూ ఏడాదో రెండేళ్లో సెలవు అడగడానికి మొహమాటం. ఆ తర్వాత చెల్లి పెళ్లి, ఇంటి అప్పు. తల ఎత్తి చూసేసరికి నాన్నకు 62. అప్పుడు ఆయన మోకాళ్లు ఘాట్ మెట్లు దిగనిస్తాయా? కాశీ ఎక్కడికీ పోదు. మారేది నాన్న ఆరోగ్యమే.

కెరియర్ పేజీలో ఈ సంగతి ఎందుకంటే, చదువు పూర్తయి ఉద్యోగంలో చేరే లోపు దొరికే ఖాళీ మళ్లీ అంత సులువుగా దొరకదు. ఆ ఖాళీలో ఓ వారం రోజులు అమ్మానాన్నలకు కేటాయించాలనుకునే వాళ్ల కోసమే ఈ కథనం. ఉదాహరణగా మన తెలుగిళ్లలో పెద్దవాళ్లు ఎక్కువగా అడిగే కాశీ యాత్రనే తీసుకుందాం. ఊరు ఏదైనా పద్ధతి ఒకటే.

ముందు అడగండి... కానీ ఎలా?

‘నాన్నా, ఎక్కడికైనా వెళ్దామా?’ అని అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు. ‘ఇప్పుడెందుకురా డబ్బు దండగ, ముందు నీ ఉద్యోగం సంగతి చూడు’. అమ్మను అడిగితే ‘నేనొస్తే ఇక్కడ గేదెను ఎవరు చూస్తారు’ అంటుంది. ఇది వద్దనడం కాదు. ఖర్చు గురించి, ఇంటి గురించి ఉన్న భయం అలా బయటికి వస్తుంది.

అందుకే ప్రశ్న మార్చండి. ‘నీ చిన్నప్పుడు ఎక్కడికి వెళ్లాలని ఉండేది?’ అని అడిగి ఊరుకోండి. జవాబు ఆ రోజే రాకపోవచ్చు. రెండు రోజుల తర్వాత అన్నం తింటూ చెబుతారు. కొందరు కాశీ అంటారు. కొందరు పుట్టి పెరిగిన ఊరు ఒకసారి చూడాలంటారు. ఇంకొకరికి నలభై ఏళ్ల కిందట విడిపోయిన స్నేహితుణ్ని కలవాలని ఉంటుంది. మీరు గోవా అనుకుని మొదలుపెడితే అది మీ ట్రిప్పు అవుతుంది. వాళ్లు మీ వెనక బ్యాగు మోసుకుంటూ వస్తారంతే.

కాశీ అన్నారనుకోండి, ఎందుకో కూడా కనుక్కోండి. దర్శనం కోసమా? తాతయ్యకు, నానమ్మకు పిండప్రదానం చేయాలనా? గంగలో ఒక్క మునక కోసమా? ఈ జవాబు మీదే ప్లాన్ మొత్తం ఆధారపడి ఉంటుంది. కార్యం చేయాలంటే పురోహితుడితో ముందే మాట్లాడుకోవాలి, అదనంగా ఒక రోజు ఉంచుకోవాలి. గయ కూడా వెళ్లాలంటారా, ప్రయాణం రెండు మూడు రోజులు పెరుగుతుంది. కాశీ, ప్రయాగ, గయ మూడూ ఒకే ఊపులో చుట్టేయాలని చాలామంది అనుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లతో అయితే ఏది ముఖ్యమో వాళ్లనే తేల్చమనండి.

ఇక గేదె, కొట్టు, పొలం సంగతి. వాటిని చిన్న విషయాలని కొట్టిపారేయకండి. వారం రోజులు పాలు ఎవరు పితుకుతారు, కొట్టు ఎవరు తెరుస్తారు అన్నది తేలితేనే అమ్మ మనసు ప్రయాణం మీదికి వస్తుంది. బాబాయినో, పక్కింటి అత్తనో మీరే వెళ్లి అడగండి. వరి కోతలు, నాట్లు ఉండే రోజుల్లో తేదీలు పెట్టకండి. ఇంటి దగ్గరే ఉండిపోయే నానమ్మకు మందులు ఎవరిస్తారో కూడా రాసి పెట్టుకోండి.

తేదీ దగ్గరే అసలు చిక్కు

మన విద్యార్థులకు ఖాళీ దొరికేది ఏప్రిల్ నుంచి జూన్ మధ్య. సరిగ్గా అప్పుడే కాశీలో ఎండలు మండిపోతాయి. 40 డిగ్రీలు దాటే ఎండలో బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లను రాతి మెట్ల మీద నడిపించడం ప్రమాదం. పోనీ వానల్లో వెళ్దామంటే జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో గంగ పొంగితే ఘాట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు. ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా నడిచేది ఆ రోజుల్లోనే.

అంటే పెద్దవాళ్లతో వెళ్లడానికి అనువైన రోజులు రెండు విడతలు. అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు ఒకటి. ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య దాకా మరొకటి. వీటిలోనూ కార్తిక పౌర్ణమి నాటి దేవ్ దీపావళి, మహాశివరాత్రి రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. పండుగ రోజే వెళ్లాలని అమ్మ పట్టుబడితే తప్ప ఆ రోజులు వదిలేయండి. శ్రావణంలోనూ రద్దీ ఎక్కువే. ఒక విషయం గుర్తుంచుకోండి. ఉత్తరాదిలో నెలను పౌర్ణమి మర్నాటి నుంచి లెక్కిస్తారు. వాళ్ల శ్రావణం మనకంటే సుమారు 15 రోజుల ముందే మొదలవుతుంది. మన పంచాంగం చూసి ‘ఇంకా ఆషాఢమేగా’ అనుకుని బయల్దేరితే ఇబ్బంది పడతారు.

మరి మీ ఖాళీకి, కాశీ వాతావరణానికి పొత్తు కుదిరేది ఎలా? మూడు దారులున్నాయి.

ఆఫర్ లెటర్ ఉండి జాయినింగ్ ఇంకా రాని వాళ్లు: ఐటీ కంపెనీల్లో ఆఫర్‌కూ జాయినింగ్‌కూ మధ్య నెలల తరబడి ఎడం ఉండటం మామూలే. ఆ ఎడం అక్టోబరు దాకా సాగేలా ఉంటే అప్పుడే పెట్టుకోండి. ఎప్పుడు పిలుపొస్తుందోనని ఇంట్లోనే కూర్చోవాల్సిన పనిలేదు. రద్దు చేసుకునే వీలున్న టికెట్లు తీసుకుంటే చాలు.

పోటీ పరీక్షలకు చదువుతున్న వాళ్లు: యూపీఎస్సీ, ఐబీపీఎస్, ఎస్ఎస్‌సీ లాంటి సంస్థలు ఏడాది పరీక్షల క్యాలెండర్ ముందే ఇస్తాయి. దాన్ని ముందు పెట్టుకుని, పరీక్ష తేదీకి ముందు నెల రోజులు, తర్వాత వారం రోజులు కొట్టేయండి. మిగిలిన వాటిలో వారం వెతకండి. ఏడు రోజులు పుస్తకం మూసినంత మాత్రాన ప్రిపరేషన్ కూలిపోదు. రోజూ గంట కరెంట్ అఫైర్స్ రైల్లోనూ చదువుకోవచ్చు. కానీ ‘ఈ నోటిఫికేషన్ అయిపోనీ’ అంటూ పోతే నోటిఫికేషన్లకు అంతుండదు.

వేసవి తప్ప వేరే వీలులేని వాళ్లు: అప్పుడు కాశీని పక్కన పెట్టి, ఈసారికి చల్లటి చోటుకు వెళ్లండి. అరకు, హార్సిలీ హిల్స్, ఊటీ లాంటివి. కాశీకి మాత్రం వచ్చే అక్టోబరు అనో, ఫిబ్రవరి అనో నెల చెప్పి వెళ్లండి. ‘తర్వాత చూద్దాం’ అని వదిలేయొద్దు.

ఉద్యోగంలో చేరబోయే వాళ్లు ఒక పని చేయొచ్చు. జాయినింగ్ తేదీ మాట్లాడేటప్పుడే హెచ్ఆర్‌కు ముందుగా ఖరారైన ప్రయాణం సంగతి చెప్పండి. ‘ఫలానా నెలలో మా తల్లిదండ్రులతో ప్రయాణం ఉంది, ఫలానా తేదీ నుంచి ఆరు పనిదినాలు సెలవు కావాలి, అవసరమైతే వేతనం లేని సెలవుగానైనా తీసుకుంటాను’ అని రెండు వాక్యాల మెయిల్ చాలు. చేరిన మూడో వారంలో హఠాత్తుగా అడగడం కంటే చేరకముందే చెప్పడం మర్యాద. కుదరదంటే ముందే తెలుస్తుంది, తేదీ మార్చుకోవచ్చు. ఇక రెజ్యుమేలో గ్యాప్ వస్తుందన్న బెంగ అక్కర్లేదు. వారం పది రోజులను ఎవరూ గ్యాప్ అనరు.

డబ్బు ఎవరిది?

ఇంకా సంపాదన లేని పిల్లలు అమ్మానాన్నల డబ్బుతోనే వాళ్లను తీసుకెళ్లడమేంటి అని చాలామందికి అనిపిస్తుంది. ఆ ఇబ్బందితోనే వాయిదా వేస్తారు. నిజానికి పెద్దవాళ్ల దగ్గర టికెట్ డబ్బు ఉన్నా బయల్దేరలేకపోవడానికి కారణం వేరే ఉంటుంది. యాప్‌లో టికెట్ తీయడం రాదు, హిందీ రాదు, పెద్ద స్టేషన్లో ఎటు పోవాలో తెలియదు, మధ్యలో ఒంట్లో బాగోలేకపోతే ఎవరు చూస్తారన్న భయం. ఈ పనులన్నీ మీరు చేయగలరు. మీ వంతు అక్కడ మొదలవుతుంది.

డబ్బులోనూ ఏదో ఒక భాగం మీది ఉండేలా చూసుకోండి. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్, ట్యూషన్లు చెప్పిన డబ్బు ఏదైనా సరే. నెలకు 500 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 6,000. గది అద్దె నాది, లేదా పడవ, ఆటో ఖర్చులు నావి అని ముందే చెప్పండి. నాన్న పైకి కసురుకున్నా, ఊరికి తిరిగొచ్చాక ఆ సంగతి నలుగురికి చెప్పుకుంటారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ, లోన్ యాప్ జోలికి మాత్రం వెళ్లకండి. అప్పు చేసి తెచ్చానని తెలిస్తే వాళ్లకు అక్కడ అన్నం సహించదు.

ఒక కాగితం మీద ఆరు పద్దులు గీయండి. రానుపోను టికెట్లు, గది, ఊళ్లో తిరగడం, భోజనం, పూజలు–దక్షిణలు, మందులు–అత్యవసరం. ఒక్కోదాని ఎదురుగా అంకె వేసి, మొత్తానికి ఐదో వంతు అదనంగా కలపండి. పూజల పద్దును అమ్మానాన్నలతోనే వేయించండి. అక్కడికెళ్లాక ఎవరెంత అడిగినా ‘మేం అనుకున్నది ఇంత’ అని చెప్పడానికి వీలుంటుంది.

లెక్క మీ ఇంటికి భారమనిపిస్తే ప్రయాణాన్ని తగ్గించండి, మానేయకండి. భద్రాచలంలో ఒక రాత్రి, శ్రీశైలంలో రెండు రోజులైనా సరే. మీరు మీరే వెళ్లారన్నది వాళ్లకు ముఖ్యం.

రైలు టికెట్: ఈ కిటుకు తెలుసా?

హైదరాబాద్ వైపు వాళ్లకు సికింద్రాబాద్–దానాపూర్ ఎక్స్‌ప్రెస్, విజయవాడ, వరంగల్ వైపు వాళ్లకు బెంగళూరు నుంచి వచ్చే సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ అందుబాటులో ఉంటాయి. ఇవి వారణాసి ఊళ్లోకి వెళ్లవు. పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో ఆగుతాయి. పెద్దవాళ్లకు మొగల్‌సరాయి అంటే వెంటనే అర్థమవుతుంది, 2018లో పేరు మారింది. అక్కడి నుంచి కాశీ సుమారు 17 కిలోమీటర్లు. ఆటో, ట్యాక్సీలు దొరుకుతాయి. ఊళ్లోనేమో వారణాసి జంక్షన్, బనారస్, కాశీ అని వేర్వేరు స్టేషన్లున్నాయి. తిరుగు టికెట్ ఏ స్టేషన్ నుంచో రెండుసార్లు చూసుకోండి.

రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరు 1కి ముందు ఇది 120 రోజులు. ఉదయం 8 గంటలకే కూర్చోండి. ఐఆర్‌సీటీసీ ఖాతాను అంతకు ముందే ఆధార్‌తో ధ్రువీకరించి పెట్టుకోండి. సీనియర్ సిటిజన్ రాయితీని 2020 మార్చిలో నిలిపేశారు కాబట్టి బడ్జెట్‌లో పూర్తి ఛార్జీనే వేసుకోండి.

రాయితీ ఆగినా, కింది బెర్తుల కోటా ఉంది. 60 ఏళ్లు దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు ఇది వర్తిస్తుంది. అమ్మకు 45 నిండితే చాలన్న సంగతి చాలామందికి తెలియదు. ఒక షరతు ఉంది. ఆ టికెట్ మీద అర్హత ఉన్నవాళ్లు ఒక్కరు గానీ, ఇద్దరు గానీ మాత్రమే ఉండాలి. 22 ఏళ్ల మీరు అదే టికెట్‌లో చేరితే ఆ కోటా పనిచేయదు. కాబట్టి వాళ్లిద్దరికీ సీనియర్ సిటిజన్ కోటాలో ఒక టికెట్, మీకు విడిగా మరొకటి తీయొచ్చు. అయితే ముగ్గురికీ ఒకే బోగీ వస్తుందన్న హామీ లేదు. రాత్రిపూట మీ సాయం తప్పనిసరి అనుకుంటే ఒకే టికెట్ మీద తీసి, కింది బెర్తుకు ప్రాధాన్యం ఇవ్వమని ఎంచుకోవడమే మంచిది. మోకాళ్ల నొప్పులా, రాత్రి తోడా? మీ ఇంటి అవసరాన్ని బట్టి తేల్చుకోండి.

ప్రయాణం ఒక రోజుకు పైగా సాగుతుంది. కుదిరితే థర్డ్ ఏసీ తీసుకోండి. వెయిటింగ్ లిస్టు టికెట్‌తో ‘ఎక్కేద్దాంలే’ అన్న ధైర్యం పెద్దవాళ్లతో పనికిరాదు. బడ్జెట్ కాస్త వీలైతే ఒకవైపు రైలు, ఒకవైపు విమానం పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి వారణాసికి నేరుగా వెళ్లే విమానంలో రెండు గంటల్లో దిగిపోతారు. యాత్ర ముగిసి అలసిపోయిన శరీరాలకు తిరుగు ప్రయాణం విమానమైతే హాయి. వీల్‌చెయిర్ కావాలంటే టికెట్ తీసేటప్పుడే విమానయాన సంస్థకు చెప్పండి. రైల్వే స్టేషన్లలోనూ వీల్‌చెయిర్లు ఉంటాయి, కొన్నిచోట్ల బ్యాటరీ కార్లు తిరుగుతాయి. రైల్లో ఏ సాయం కావాలన్నా 139కి ఫోన్ చేయొచ్చు.

‘నాకెందుకురా వీల్‌చెయిర్, నేనేమైనా ముసలిదాన్నా’ అని అమ్మ అంటుంది. వాదించకండి. ‘బ్యాగులు మోయలేకపోతున్నా, కుర్చీలో బ్యాగులు పెడదాం’ అని తెప్పించండి. ప్లాట్‌ఫాం సగం నడిచాక కూర్చునేది ఎవరో మీకే తెలుస్తుంది.

గది చూసేటప్పుడు...

కాశీలో తెలుగువాళ్లకు బస కొత్త కాదు. పాండే హవేలీ ప్రాంతంలోని శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం మన వాళ్లందరికీ తెలిసిన పేరు. ఇంకా సత్రాలు, హోటళ్లు అనేకం. ఎక్కడ దిగినా ఫోన్లో ఐదు ప్రశ్నలు అడగండి. గది కింది అంతస్తులో ఉందా, లేక లిఫ్ట్ ఉందా? కూర్చుని వాడే వెస్టర్న్ టాయిలెట్ ఉందా? వేడినీళ్లు వస్తాయా? ఆటో గేటు దాకా వస్తుందా, లేక సందులో ఎంత దూరం నడవాలి? రాత్రి ఆలస్యంగా వచ్చినా తలుపు తీస్తారా? ‘గంగ కనిపించే గది’ కంటే ఈ ఐదూ ముఖ్యం. ఘాట్ ఒడ్డున ఉండే గదులకు వెళ్లాలంటే చాలాచోట్ల మెట్లు ఎక్కి దిగాల్సిందే.

ఇంటర్నెట్‌లో సత్రాలు, హోటళ్ల పేరుతో నకిలీ నంబర్లు పెట్టి అడ్వాన్స్ పంపమనే మోసగాళ్లున్నారు. అంతకుముందు వెళ్లొచ్చిన తెలిసినవాళ్ల దగ్గర నంబరు తీసుకోండి. యూపీఐలో డబ్బు పంపేముందు ఖాతా పేరు చూడండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

రోజుకు ఒక్క పెద్ద పని

కుర్రాళ్లు వేసే ప్లాన్‌లో రోజుకు ఎనిమిది చోట్లు ఉంటాయి. పెద్దవాళ్లతో పొద్దున ఒక పెద్ద పని, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఒక చిన్న పని చాలు. నాలుగు రోజులకు ఇలా వేసుకోవచ్చు.

మొదటి రోజు దిగాక స్నానం, భోజనం, విశ్రాంతి. ఓపికుంటే సాయంత్రం గంగను చూసి రావడం. అంతే.

రెండో రోజు తెల్లవారుజామునే విశ్వనాథుడి దర్శనం, పక్కనే అన్నపూర్ణమ్మ. 2021 డిసెంబరులో కారిడార్ ప్రారంభమయ్యాక గుడి చుట్టూ నడవడానికి చోటు పెరిగింది, కానీ నడక తప్పదు. గొదౌలియా దాటాక వాహనాలను ఆపేస్తుంటారు, అక్కడి నుంచి నడవాలి. రుసుము చెల్లించి వెళ్లే సుగమ దర్శనం టికెట్లు ఆలయ అధికారిక వెబ్‌సైట్‌లో ఉంటాయి. మధ్య దళారులను నమ్మొద్దు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో గంగా హారతి. మెట్ల మీద గంటల తరబడి కూర్చోలేరు అనుకుంటే పడవలోంచి చూడొచ్చు. పడవ ఎక్కేచోట మెట్లు ఎన్నో ముందు మీరు వెళ్లి చూసి రండి. ర్యాంపులున్న నమో ఘాట్ పెద్దవాళ్లకు సులువు.

మూడో రోజు కార్యం ఉంటే అదొక్కటే. లేదంటే విశాలాక్షి, కాలభైరవ ఆలయాలు.

నాలుగో రోజు సారనాథ్. ఊరికి 10 కిలోమీటర్ల దూరం, చెట్ల నీడన నింపాదిగా తిరగొచ్చు. తిరిగి వచ్చి సంచులు సర్దుకోవడం.

మధ్యలో ఒక పూట ఏమీ పెట్టుకోకుండా వదిలేయండి. నాన్న మాటలు బయటికి వచ్చేది అలాంటప్పుడే. మీ ఫీజు కట్టడానికి ఏం చేశారో, తాతయ్యతో ఎందుకు మాట్లాడటం మానేశారో, ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతులు ఘాట్ మీద కూర్చుని చెబుతారు. ఆ పూట ఫోన్ జేబులోనే ఉంచండి.

మందుల సంచి మర్చిపోవద్దు

బయల్దేరడానికి రెండు వారాల ముందు డాక్టరుకు చూపించండి. ఎన్ని రోజుల ప్రయాణమో చెప్పి, మందులు ఎన్ని తెచ్చుకోవాలో అడగండి. ప్రయాణ రోజులకంటే ఐదు రోజులకు ఎక్కువ తీసుకోండి. వాటిని రెండు సంచుల్లో సర్దండి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇన్సులిన్ వాడుతుంటే విమానంలో చేతి సంచిలోనే ఉండాలి. మందుల చీటీ ఫోటో మీ ఫోన్లో, జిరాక్స్ వాళ్ల జేబులో పెట్టండి. అదనంగా ఒక కళ్లజోడు, మోకాలి పట్టీ, పాత చెప్పులు పెట్టండి. యాత్రకని కొత్త చెప్పులు కొనొద్దు, కాలు కరుస్తాయి.

షుగరు ఉన్నవాళ్లకు భోజనం వేళ తప్పకూడదు. రైల్లో అన్నం ఆలస్యమైతే తినడానికి ఇంట్లో చేసిన చపాతీలు, మరమరాలు, పండ్లు ఉండాలి. టాయిలెట్‌కు లేవాల్సి వస్తుందని చాలామంది పెద్దవాళ్లు ప్రయాణంలో నీళ్లు తాగడం మానేస్తారు. పైకి చెప్పరు. సీసాలో నీళ్లు తగ్గుతున్నాయో లేదో మీరే గమనించండి. గంటకో, రెండు గంటలకో ఒకసారి బోగీలో నాలుగడుగులు వేయించండి.

70 దాటిన వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. అర్హత ఉంటే ముందే చేయించి వెంట పెట్టుకోండి. ఒక చిన్న కాగితం మీద మీ ఫోన్ నంబరు, బస పేరు, వాడే మందుల పేర్లు రాసి నాన్న జేబులో, అమ్మ పర్సులో ఉంచండి. బస పేరు హిందీలోనూ రాయించండి. తప్పిపోతే ఆ కాగితం ఫోన్ కంటే ఎక్కువ పనికొస్తుంది. దేశంలో ఎక్కడైనా అత్యవసరానికి 112 ఉంది.

నొప్పి ఉందా అని అడిగితే ‘ఏం లేదురా’ అంటారు. అడగడం కంటే చూడటం మేలు. నడక మెల్లగా అయిందా? మాట తగ్గిందా? రెయిలింగ్ పట్టుకుంటున్నారా? అయితే ఆ రోజుకు ఇక చాలు. ‘నాకు అలసటగా ఉంది, కాసేపు కూర్చుందాం’ అని మీరే అనండి.

ఇంటర్వ్యూకూ పనికొస్తుంది

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య 1831లో తిరిగొచ్చారు. ఆ విశేషాలు రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఏ ఊళ్లో మకాం దొరుకుతుంది, ఎక్కడ బజారు ఉంది, దారి ఎలా ఉంది అని ఆయన ఓపిగ్గా రాసుకుంటూ వెళ్లారు. ‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అన్న సామెత పుట్టిన కాలం నుంచి ఇవాళ్టి రెండు గంటల విమానం దాకా ప్రయాణం మారింది. ముందుచూపుతో వివరాలు రాసుకోవాల్సిన అవసరం మాత్రం అలాగే ఉంది.

ఇంటర్వ్యూల్లో ‘మీరు బాధ్యత తీసుకుని పూర్తిచేసిన పని ఒకటి చెప్పండి’ అని అడుగుతుంటారు. మినీ ప్రాజెక్టు తప్ప వేరే ఉదాహరణ లేక చాలామంది తడబడతారు. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరిని పరిమిత డబ్బుతో, భాష తెలియని ఊరికి తీసుకెళ్లి క్షేమంగా తీసుకురావడం మంచి ఉదాహరణే. బడ్జెట్ ఎంత, రైలు ఆలస్యమైతే ఏం చేశారు, దేన్ని వదులుకున్నారు అన్నది వరసగా చెప్పగలిగితే వినేవాళ్లకు మీ పనితీరు అర్థమవుతుంది. అలాగని ఇంటర్వ్యూ జవాబు కోసం అమ్మానాన్నల్ని యాత్రకు తీసుకెళ్లమని కాదు. వెళ్లొచ్చాక అడిగితే చెప్పుకోవడానికి మొహమాటపడొద్దనే.

ఈ వారంలోనే...

ఆదివారం: భోజనం దగ్గర అమ్మానాన్నల్ని అడగండి. ఎక్కడికో, ఎందుకో తెలుసుకోండి.

సోమవారం: మీ పరీక్షల క్యాలెండర్, పొలం పనులు, వాతావరణం మూడూ పక్కపక్కన పెట్టి రెండు వారాలు గుర్తించండి. ఒకటి అసలుది, రెండోది ప్రత్యామ్నాయం.

మంగళ, బుధవారాల్లో: ఆరు పద్దుల బడ్జెట్ వేసి నాన్నకు చూపించండి. మీ వంతు ఎంతో చెప్పండి.

గురువారం: ఇల్లు, గేదె, కొట్టు చూసేవాళ్లతో మాట్లాడండి.

శుక్రవారం: ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు ఏ తేదీ వస్తుందో లెక్కగట్టి, ఆ ఉదయం 8 గంటలకు ఫోన్లో అలారం పెట్టండి.

శనివారం: ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ పూర్తిచేయండి. అమ్మానాన్నల గుర్తింపు కార్డుల్లో పేరు, వయసు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. తప్పులుంటే దిద్దించడానికి మీకింకా సమయం ఉంటుంది.